ఏడు శాతం లోపు

ఫిబ్రవరి 4
రిగ్గు మీద నుంచి

వదినకి,

చేరాను. ఇక మూడు నెలల దాకా నేల తొక్కేది లేదు. ఇక్కడ ఫోన్ గది ఉంది గానీ ఆదివారం తలా పది నిమిషాలే, వెనక నలుగురు గడియారం చూస్తూ నిలబడతారు. వాళ్ళ ముందు నీతో పోట్లాడలేను, పోట్లాడకపోతే నీతో మాట్లాడినట్టే ఉండదు. అందుకని ఉత్తరాలు. సరుకుల పడవ వారానికి రెండుసార్లు వస్తుంది.

"అత్తా, సముద్రంలో నీ పనేంటి?" అని పాప అడిగితే నవ్వి ఊరుకున్నాను కదా, ఇలా చెప్పు. చమురు కోసం సముద్రం అడుగున రాయి తొలుస్తాం. తొలిచే మొన వేడెక్కకుండా నూనె కలిపిన బురద లోపలికి పంపుతాం. ఆ బురద రాతి ముక్కలను మోసుకుని పైకి వస్తుంది. మంచాలంత జల్లెడలు గడగడా ఊగుతూ బురదను కిందికి, ముక్కలను పక్కకు వేరు చేస్తాయి. ఆ తర్వాత ముక్కలకు అంటుకున్న నూనెను విదిలించడానికి డ్రైయర్ ఉంది. బట్టలు పిండే మిషన్ లాంటిదే, కాకపోతే మహా కోపిష్ఠిది. అందులోంచి వచ్చిన ముక్కలు కొన్ని చిన్న ఇనప గిన్నెలో కాల్చి, ఇంకా ఎంత నూనె ఉందో కొలిచి, చీటీ మీద రాసి సంతకం పెట్టడం నా పని. చీటీని పెట్టెకు కడతారు. పెట్టె పడవెక్కి, ఈ చెత్తను శుభ్రం చేసే మీ ఊరి యార్డుకు, అన్నయ్య చేతికి. ఇక్కడ నేను మూత వేస్తే అక్కడ ఆయన మూత తీస్తాడు. చిన్నప్పుడు బడి క్యారేజీ విషయంలోనూ ఇంతే.

అన్నయ్య చేత పడవ మీద పని మానిపించి గట్టు మీద ఏదైనా చూడమని నన్ను ఏడాది పాటు సతాయించావు. చూశాను. రోజూ సాయంత్రానికల్లా మొగుడు ఇంట్లో ఉంటే ఎలా ఉందో రాయి. ఆడపడుచు అర్ధమొగుడంటారు, కనుక సగం ఫిర్యాదులు వినే బాధ్యత నాదే.

నీ అర్ధమొగుడు

ఫిబ్రవరి 13

మరదలికి,

సగం ఫిర్యాదులు వింటానన్నావు, ఇదిగో.

మీ అన్నయ్య ఆరున్నరకల్లా ఇల్లు చేరుతున్నాడు. మా పై అంతస్తు పొడుగాయనకు కూడా యార్డులో ఈయన షెడ్డులోనే పని, ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వస్తారు. పొడుగాయన మెట్లెక్కుతూ వేసే ఈల వినిపిస్తే నేను టీ పెడతాను. పెళ్ళైన పదకొండేళ్ళలో ఇంత వేళపట్టున మొగుణ్ణి చూడలేదు. అందుకు నీ రుణం తీర్చుకోలేను.

కానీ ఆ బట్టల వాసన నా వల్ల కావడం లేదమ్మాయ్. రెండుసార్లు ఉతికినా పోదు. మా టైలరింగ్ యూనిట్లో నా పక్కన కాలర్లు కుట్టే ఆవిడ, "నీ దగ్గర కిరసనాయిలు వాసనేంటి?" అని కుర్చీ జరుపుకుంది. అది సరే. ఆయనకు రోజూ తలనొప్పి. టీ కప్పు చేతిలో ఉండగానే కూర్చుని నిద్రపోతున్నాడు. మొన్న పాప లెక్క అడిగితే విసుక్కున్నాడు, ఎన్నడూ లేనిది. నిన్న మన అంతస్తు దాటి పైకి వెళ్ళిపోయి, వాళ్ళ తలుపు తట్టి, "ఇదేంటి తాళం మార్చావు?" అన్నాడట. పొడుగాయన భార్య నవ్వుతూ కిందికి తెచ్చి అప్పగించింది. నాకు నవ్వు రాలేదు. నడక కూడా తూలుతున్నట్టుంది.

ఆ బురద మనిషికేమైనా చేస్తుందా? నీకు తెలుస్తుందని అడుగుతున్నాను.

మీ వదిన

ఫిబ్రవరి 21

వదినకి,

తూలుతున్నాడు, విసుక్కుంటున్నాడు, పరాయి తలుపులు తడుతున్నాడు. నువ్వు రాయకుండా ఆగిన మాట నాకు అర్థమైంది. మా అన్నయ్యకు ఆ అలవాటు లేదు వదినా, అంటగట్టకు. పడవ మీద పదేళ్ళు ఉప్పుగాలి తిన్న మనిషి, కొత్త పనికి ఒళ్ళు అలవాటు పడాలి.

బురద సంగతంటావా, ఆయన దగ్గరికి వచ్చేది అసలు బురదే కాదు. ఏడు శాతం లోపు నూనె ఉన్న రాతి ముక్కలు, తడి ఇసుక లాంటివి. చీటీలు రాసేది నేను, నాకు తెలియదా?

మా డ్రైయర్‌కు జబ్బు చేసింది. బేరింగు పోయింది, కొత్తది రావాలి. అంకెలు కాస్త అటూ ఇటూ అవుతున్నాయి. అది నా తలనొప్పి, ఇంకొకరిది కాదు. సూపరింటెండెంట్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి నా బల్ల మీద వేళ్ళతో తాళం వేసి పోతున్నాడు. పని ఒక్క పూట ఆగినా ఆయనకు నిద్ర పట్టదు.

అన్నయ్యకు కళ్ళ పరీక్ష చేయించు. తలనొప్పికి సగం కారణాలు కళ్ళలోనే ఉంటాయి.

నీ మరదలు

మార్చి 2

మరదలికి,

తాగుడు అన్న మాట నా ఉత్తరంలో ఎక్కడుందో చూపించు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేనొకటి అడిగితే నువ్వొకటి చెప్పావు. నా మొగుడు తాగుతాడో లేదో నీకన్నా నాకు బాగా తెలుసు.

కళ్ళు చూపించాం. బాగున్నాయి.

నీ ఉత్తరం చదివి, "తడి ఇసుకట కదా?" అని ఆయన్ని అడిగాను. నవ్వాడు. "మూత తీస్తే మీద చిందుతోంది, అదేం ఇసుకో. మా చెల్లెలు జల్లెడ పట్టడం మానేసి సముద్రం చూస్తూ కూర్చుందేమో" అన్నాడు.

మీకు అక్కడ తెలుసో లేదో, యార్డులో చీటీని బట్టే పని. ఏడు దాటిన పెట్టెలు కాల్చడానికి అవతలి కొలిమికి వెళతాయి. అక్కడి వాళ్ళకు మూతికి మాస్కులు, చొక్కాకు గ్యాసు మీటర్లు. ఏడు లోపున్నవి వీళ్ళ షెడ్డుకు. వీళ్ళు పారలతో తోడి, సున్నం కలిపి ఆరబెడతారు. మాస్కు లేదు, మీటరు లేదు, చేతులకు రబ్బరు తొడుగులు మాత్రం ఉన్నాయి. పెట్టెల్లోంచి కారింది షెడ్డు కింద ఒక గోతిలోకి పోతుంది. అది ఎప్పుడూ అడుగు లోతుండేదట, ఇప్పుడు నడుము దాకా వచ్చిందట.

పొడుగాయన సూపర్వైజర్‌కు చెబుదామన్నాడట. మీ అన్నయ్యే వద్దన్నాడు. "చీటీ మీద మా చెల్లెలి సంతకం ఉంది. అది తప్పు రాయదు. మనం ఫిర్యాదు చేస్తే దాని ఉద్యోగానికి మాట వస్తుంది" అన్నాడట. ఈ మాట నీకు రాయొద్దన్నాడు. నేను రాస్తున్నాను.

వదిన

మార్చి 10

వదినా,

ఒక మాట వింటావా? అన్నయ్యను పది రోజులు సెలవు పెట్టమను. నడుం నొప్పి అని చెప్పమను. పొడుగాయనను కూడా పెట్టమను. కారణం అడగకు. గోతి దగ్గరికి మాత్రం ఇద్దర్నీ వెళ్ళనివ్వకు.

వచ్చాక అంతా చెబుతాను.

నీ మరదలు

మార్చి 17

మరదలికి,

నీ నాలుగు ముక్కల ఉత్తరం చదివి ఇంట్లో పెద్ద గొడవైంది.

ఇప్పించింది నువ్వే, ఇప్పుడు మానమనేదీ నువ్వే. పని నేర్చుకుని నాలుగు నెలలు కాలేదు, లేని నడుం నొప్పికి పది రోజుల సెలవు ఎవరిస్తారు? అక్కడ ఎవరైనా ఏమైనా అన్నారా? నీ అన్న పార పట్టుకునే కూలివాడని మీ ఆఫీసులో తెలిసి నీకు చిన్నతనమైందా? అలా అయితే సూటిగా రాయి.

నేను ఇదే అంటే ఆయన నా మీద లేచాడు. "అది అలాంటిది కాదు. అక్కడ ఒంటరిగా ఉండి బెంగ పడుతోంది, అంతే" అన్నాడు. ఆయన నీ వైపు మాట్లాడినంతగా నా వైపు ఏనాడూ మాట్లాడలేదు. సెలవు మాత్రం పెట్టలేదు.

గోతి మాట నాకు అర్థం కాలేదు. పంపు తరచూ పట్టేస్తోందట, గుడ్డపీలికలు అడ్డం పడుతున్నాయట. అది వాళ్ళ పని, వెళ్ళొద్దంటే ఎలా?

వదిన

మార్చి 22

వదినకి,

కోపం తగ్గించుకో. చిన్నతనం కాదు, ఏమీ కాదు. అన్నయ్యే సరిగ్గా చెప్పాడు, బెంగ పడ్డాను. ఆ ఉత్తరం మర్చిపో.

బేరింగు నిన్న వచ్చింది. రాత్రికల్లా బిగించారు. ఈ పొద్దున కొలిస్తే అయిదు పాయింట్ ఎనిమిది. ఇంత హాయిగా అన్నం తిని నెలైంది. ఇక పెట్టెలు నిజంగానే తడి ఇసుకలా వస్తాయి, అన్నయ్యను చూడమను. ఇక అంతా బాగైనట్టే.

పాపకు ఇక్కడి రాళ్ళు ఏరి ఉంచాను. సముద్రం కింద రెండు వేల మీటర్ల లోతు నుంచి వచ్చినవి. కడిగితే ఒక్కోటి ఒక్కో రంగు. బడికి తీసుకెళ్ళి గొప్పలు పోతుంది.

ప్రేమతో,
మరదలు

మార్చి 27

మరదలికి,

రిగ్గు ఆఫీసుకు ఫోన్ చేశాను. నీకు చెబుతామన్నారు. చెప్పారో లేదో తెలియక రాస్తున్నాను. 

మంగళవారం పదకొండు గంటలప్పుడు గోతిలో పంపు ఆగింది. పొడుగాయన నిచ్చెన దిగి, పంపు మూతికి అడ్డం పడ్డ గుడ్డ తీయడానికి వంగాడట. వంగిన మనిషి లేవలేదు. మీ అన్నయ్య పైనుంచి పిలిచి, పలక్కపోతే తనూ దిగాడు. ఆయన చంకల కింద చేతులు వేసి రెండు మెట్లు లాగాడట. మూడో మెట్టు దగ్గర తనూ పడ్డాడు. క్రేన్ నడిపే అతను కొక్కెం వేసి ఇద్దర్నీ పైకి తీశాడు.

పొడుగాయన బండి ఎక్కించకముందే పోయాడు.

మీ అన్నయ్య ఊపిరి తీస్తున్నాడు. కళ్ళు తెరవలేదు. నిలవున్న మురుగులో పుట్టే గ్యాసు అన్నారు డాక్టరు. మొదట కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుందట, మోతాదు మించితే ఆ వాసన కూడా తెలియదట. మెదడుకు గాలి అందలేదు, ఎంతసేపో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

నువ్వు వెంటనే రా.

ఏప్రిల్ 1

వదినా,

చెప్పారు. హెలికాప్టర్‌లో చోటు లేదంటున్నారు. దొరకగానే వస్తాను. అన్నయ్య చెవి దగ్గర నా పేరు చెప్పు. పాపను చూసుకో. 

మరదలు

ఏప్రిల్ 12

మరదలికి,

పదకొండు రోజులు చూశాను. చోటు దొరకలేదన్నమాట.

మీ అన్నయ్య అయిదో తారీకున కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. పాపను గుర్తుపట్టాడు. చెంచా ఎలా పట్టుకోవాలో గుర్తులేదు. ఈ పూట చెప్పింది రేపటికి ఉండదు. "పొడుగాయన ఏడీ?" అని అడుగుతాడు. మొదటి రోజు నిజం చెప్పాను, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మర్నాడు మళ్ళీ అడిగాడు. ఇప్పుడు సెలవు పెట్టాడని చెబుతున్నాను.

కంపెనీ వాళ్ళ రిపోర్టు వచ్చింది. చీటీల ప్రకారం పెట్టెలన్నీ ఏడు శాతం లోపు, కనుక గోతిలో అంత మురుగు చేరే వీలే లేదట. వీళ్ళే ఇంకెక్కడిదో తెచ్చి పోసి ఉంటారట. ఇద్దరిలో పెద్దవాడు మీ అన్నయ్య కాబట్టి, అనుమతి లేకుండా మనిషిని గోతిలో దింపిన తప్పు ఆయనదట. ఆయన తరఫున చెప్పడానికి ఆయనకే జ్ఞాపకం లేదు.

పొడుగాయన భార్య ఆ కాగితం చదివింది. మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరిగి నిలబడుతోంది. నిన్న ఒక్క మాట అంది. "నా మనిషిని దింపి నీ మొగుడు గట్టున నిలబడ్డాడు." కాదమ్మా, ఆయనా దిగాడు అన్నాను. "దిగినవాడు బతికాడు" అంది.

నీ మార్చి ఇరవై రెండో తారీకు ఉత్తరం పొడుగాయనను సాగనంపి వచ్చిన రోజు చేరింది. "ఇక అంతా బాగైనట్టే" అని రాశావు. ఏం బాగైంది? చాలాసార్లు చదివాను, అంతు చిక్కలేదు. నువ్వు సెలవు పెట్టమన్న ఉత్తరం కూడా తీసి చదివాను. గోతి దగ్గరికి వెళ్ళనివ్వొద్దని రాశావు. నీకేదో తెలుసు. తెలిసి కూడా, అన్న ఆసుపత్రిలో ఉంటే ఉద్యోగం పట్టుకుని కూర్చున్నావు. నీ నుంచి నేనింకేమీ అడగను. ఆ గోతిలో ప్రమాదం ఉందని మాత్రం నీకెలా తెలుసో రాయి.

ఏప్రిల్ 19

వదినా,

హెలికాప్టర్‌లో చోటు ఉంది. రెండో తారీకునా ఉంది, ఆరునా ఉంది. నేను ఎక్కలేదు. నీ ముఖం చూడలేక.

ఫిబ్రవరి పదహారు నుంచి డ్రైయర్ సరిగ్గా తిరగలేదు. ఆ రోజు కొలిస్తే పదకొండు వచ్చింది. చీటీ రాయబోతుంటే సూపరింటెండెంట్ వచ్చాడు.

"ఏడు దాటితే పెట్టెలు కొలిమికి పోవాలి. కొలిమి రోజుకు నాలుగు పెట్టెలే కాల్చగలదు, మనం ఇరవై పంపుతున్నాం. డ్రిల్లింగ్ ఆపమంటావా?" అన్నాడు.

"మరేం రాయమంటారు?" అన్నాను.

"రాయాల్సిందే రాయి. బేరింగు వచ్చేదాకా. రాళ్ళే కదా, ఎవరికేం అవుతుంది?"

ఆరు పాయింట్ నాలుగు అని రాశాను. ముప్పై నాలుగు రోజులు అలాగే రాశాను. ఒక రోజు ఆరున్నర, ఒక రోజు ఆరు పాయింట్ రెండు, నమ్మేలాగా. నిజం అంకెలు నా సొంత నోటు పుస్తకంలో వేరే రాసుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. తప్పు చేసేవాళ్ళకు కూడా ఎక్కడో ఒకచోట నిజం చెప్పుకోవాలనిపిస్తుందేమో.

ఆ అంకె మీద మాస్కులూ మీటర్లూ ఆధారపడతాయని నువ్వు మార్చి రెండున రాసేదాకా నాకు తెలియదు. ఇది సాకు కాదు. అది చదివాక కూడా పన్నెండు రోజులు అబద్ధమే రాశాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, నీకు నడుం నొప్పి అని చెప్పమని రాశాను. "డ్రైయర్ పాడైంది, అంకెలు అబద్ధం, గోతిలో దిగొద్దు" అని రాస్తే ఒక వాక్యం. అది రాయలేకపోయాను. బేరింగు రాగానే గండం గడిచిందనుకున్నాను. అప్పటికే గోతిలో చేరిన నెల రోజుల మురుగు అక్కడే కుళ్ళుతూ ఉంటుందని నాకు తట్టలేదు. తట్టాలి. నా చదువే అది.

పదిహేనో తారీకున ప్రభుత్వ ఇన్స్పెక్టర్ రిగ్గుకు వచ్చాడు. సూపరింటెండెంట్ పక్కనే ఉన్నాడు. నేను నోటు పుస్తకం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఇన్స్పెక్టర్ పేజీలు తిప్పి, "అబద్ధం రాయమన్నది ఎవరు?" అన్నాడు. "ఈయన. రాసింది నేను" అన్నాను. సూపరింటెండెంట్ నా వంక కూడా చూడలేదు, టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నా వాంగ్మూలం తీసుకున్నారు. నన్ను పని నుంచి తీసేశారు. కేసు నడుస్తుందన్నారు. గురువారం పడవకు దింపుతారు. ఒడ్డున పోలీస్ స్టేషన్లో రెండు రోజులు పని ఉందట, తర్వాత ఎక్కడికి పోవాలో తెలియదు.

పొడుగాయనను అన్నయ్య దింపలేదు. నేను దింపాను. ఈ ఉత్తరం ఆవిడకు చూపించు. అన్నయ్యకు చూపించాలో లేదో నీ ఇష్టం.

సంతకం పెట్టడానికి చేయి రావడం లేదు.

ఏప్రిల్ 25

మరదలికి,

నీ ఉత్తరం ఆసుపత్రి వరండాలో నిలబడి చదివాను. 

ఆ సాయంత్రం పైకి వెళ్ళాను. పొడుగాయన భార్య తలుపు సగమే తీసింది. గుమ్మం బయటే నిలబడి ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివాను. మధ్యలో ఆపలేదు. విన్నంతసేపూ తలుపు గడియ పట్టుకునే ఉంది. చివర్లో అడిగింది, "మీ ఆయన దిగి లాగాడన్నది నిజమేనా?" నిజమన్నాను. "ఎన్ని మెట్లు?" అంది. రెండు అన్నాను. తలుపు వేసేసింది. మర్నాడు నన్ను ఇన్స్పెక్టర్ విచారణకు రమ్మన్నారు. పొద్దున ఆవిడ కిందికి వచ్చి, "విచారణకు నేనూ వస్తాను" అంది. ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాం.  నీ పుస్తకం నకలు వాళ్ళ దగ్గర ఉంది. మీ అన్నయ్య మీద రాసిన తప్పు కొట్టేశారు. ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివి నా చేతిలో పెట్టింది. మీ సూపరింటెండెంట్‌ను వేరే రిగ్గుకు మార్చారట, విచారణ పూర్తయ్యేదాకా అంతకుమించి చేయలేరట.

నిన్ను క్షమించానని రాయను. క్షమించలేదు. పదకొండేళ్ళలో నీ మీద వచ్చిన కోపాలన్నీ కలిపినా ఇంత లేదు. కానీ ఆ పుస్తకం నువ్వు సముద్రంలో విసిరేస్తే అడిగేవాడు లేడు. అదీ నాకు తెలుసు.

ఎక్కడికి పోవాలో తెలియదని రాశావు, అందుకే ఇది స్టేషన్‌కే పంపుతున్నాను. ఇక్కడికి రా. నిన్న ఆయన్ని ఇంటికి తెచ్చాం. సోమవారం నుంచి నేను పనికి వెళ్ళాలి, ఇప్పటికే నా మిషన్ దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టారు. ఆయన్ని ఒంటరిగా వదలకూడదు. చొక్కా గుండీలు పెట్టాలి. అన్నం తినిపించాలి. తలుపు తీసి ఉంటే మెట్ల మీదకు వెళ్ళి నిలబడతాడు, ఎందుకని అడిగితే బస్సు టైమైందంటాడు. పొద్దున ఏడింటికల్లా నువ్వు ఉండాలి. నేను సాయంత్రం ఆరున్నరకు వస్తాను. మనిద్దరి మధ్య మాటలు ఎప్పుడు మొదలవుతాయో నేను చెప్పలేను. పని ఆగకూడదు.

ఈ సంగతేదీ ఆయనకు చెప్పకు. నీ మనసు తేలిక చేసుకోవడానికి కూడా చెప్పకు. చెబితే ఏడుస్తాడు, మర్నాటికి మర్చిపోతాడు, నువ్వు మళ్ళీ చెప్పాలి. నీ గురించి రోజూ అడుగుతున్నాడు.

ఒక్క మాట. ఊళ్ళో దిగగానే నేరుగా మా ఇంటికి రావద్దు. మా అంతస్తు దాటి పైకెళ్ళి ముందు ఆవిడ తలుపు తట్టు. తీస్తుందో లేదో నాకు తెలియదు. తీసేదాకా అక్కడే నిలబడు. ఆ తర్వాత కిందికి రా.

మీ వదిన